రేవుభూమి ఎవరి సొత్తు?

ముంబయి మహానగరపు తూర్పుతీరమున, కొలాబా మొదలు వడాలా వరకు, సుమారు 1,800 ఎకరముల భూమి కేంద్రప్రభుత్వమునకు లోబడిన రేవు అధికారసంస్థ చేతిలో నున్నది. గదియంత చోటుకొరకు సంసారులు జీవితకాలపు సంపాదన నంతయు ధారవోయు నగరమున ఇంత భూమి మూతవడిన గిడ్డంగులతోను, గడువు తీరిన కౌళ్లతోను, త్రుప్పుపట్టిన యినుముతోను నిండియున్నది. దీనిని చక్కదిద్ది నగరమునకు ఉపయోగపరుపవలెనన్న మాట పెక్కేండ్లుగా వినబడుచున్నది. 2014లో కేంద్రప్రభుత్వము ఇందుకొక సంఘమును నియమించెను. 2018 చివర ముసాయిదా ప్రణాళికయు వెలువడెను. 2024 జనవరిలో శివడీనుండి సముద్రముమీదుగా ఆవలిగట్టునకు అటల్ సేతువు తెరువబడుటతో ఈ భూమి విలువ మరింత పెరిగినది. దానిపై కన్నువేసినవారి సంఖ్యయు పెరిగినది. ఈ భూమి దిద్దబడవలెనా యని యెవరైన నడిగిన ఔననియే మా సమాధానము. ఎవరికొరకు దిద్దబడవలెను, ఎవరి యాజ్ఞచొప్పున దిద్దబడవలెను అనునదే అసలైన ప్రశ్న. పత్రములమీద సంతకములు పడకమునుపే దేశప్రజలు ఈ ప్రశ్న నడుగవలసియున్నది.

ఈ తీరములో హెచ్చుభాగము ప్రకృతి యిచ్చినది కాదు. సముద్రమును పూడ్చి, కూలీల రెక్కలకష్టముతో సంపాదించినది. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున ఇందు ముఖ్యమైన రేవుగట్లు ఎల్ఫిన్‌స్టన్ కంపెనీ యను ప్రయివేటు సంస్థ చేతిలో నుండెను. 1861-65 సంవత్సరములలో అమెరికాలో అంతర్యుద్ధము సాగుటచే ప్రత్తిధర మిన్నంటెను. బొంబాయిలో సముద్రమును పూడ్చు కంపెనీలు వానకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. యుద్ధము ముగిసి ప్రత్తిధర పడినంతనే వానిలో పెక్కు కూలినవి. వానిని నమ్మిన బ్యాంకులును కుటుంబములును కూడ కూలినవి. రేవు ఒక కంపెనీ గుప్పిటిలో నున్నయెడల నగరపు వర్తకమంతయు దాని దయకు లోబడియుండునని ఆనాటి దొరతనమువారు గ్రహించిరి. 1870లో ఆ కంపెనీ హక్కులను ప్రజాధనముతో కొని, 1873లో పోర్టు ట్రస్టును స్థాపించిరి. తీరభూమి ప్రజాసంస్థ చేతిలో నుండవలెనన్న సూత్రము పరదేశపు ప్రభుత్వమునకు సైతము స్వానుభవముచే తెలిసివచ్చెను. ఒకసారి పోగొట్టుకొని వెలయిచ్చి తిరిగి తెచ్చుకొన్న ఆస్తిని, స్వరాజ్యము వచ్చిన పిమ్మట మనచేతులతో మనమే జారవిడుచుట వివేకమగునా?

1875లో ససూన్ రేవు, 1880లో ప్రిన్సెస్ డాక్, ఆపిమ్మట విక్టోరియా డాక్, 1914లో అలెగ్జాండ్రా డాక్ వరుసగా తెరువబడినవి. కడపటి దానిని త్రవ్వగా వచ్చిన మన్నుతోనే బలార్డు ఎస్టేటు లేచినది. దక్కను ప్రత్తి ఈ గట్టుననే ఓడల కెక్కెను. మన ధాన్యపుకొరతలలో పైదేశముల ధాన్యము ఈ గట్టుననే దిగెను. 1944 ఏప్రిల్ 14వ తేదీన ప్రేలుడు సామగ్రియు ప్రత్తిబేళ్లును కలిపి మోసికొనివచ్చిన ఫోర్ట్ స్టికీన్ అను ఓడ విక్టోరియా డాకులో నిప్పంటుకొని బ్రద్దలు కాగా వందలకొలది జనులు హతులైరి. మంటల నార్పబోయి 66 మంది అగ్నిమాపకదళమువారు ప్రాణము లర్పించిరి. నేటికిని దేశమంతట ఆ దినమున అగ్నిమాపకుల స్మృతి జరుపబడుచున్నది. 1946 ఫిబ్రవరిలో నౌకాదళపు భారతీయ నావికులు తిరుగబడినప్పుడు వారికి తోడుగా బొంబాయి కార్మికులు పనిమాని వీధులలోనికి వచ్చి తుపాకిగుండ్ల కెదురు నిలిచిరి. ఈ భూమి లెక్కపుస్తకములోని అంకె మాత్రమే కాదని చెప్పుటకే ఇంత జ్ఞాపకము చేయుచున్నాము.

రేవు క్షీణించుట యెవరి కుట్రయు కాదు. సరుకు మూటలుగాను పెట్టెలుగాను వచ్చిన దినములలో వేలకొలది కూలీలును, గట్టునానుకొని గిడ్డంగులును కావలసియుండెను. ఉక్కుకంటెయినరులు వచ్చిన పిమ్మట ఒక క్రేను కొన్నివందలమంది పనిని చేయసాగెను. ఓడలు పెద్దవై మరింత లోతునీటిని కోరినవి. కంటెయినరులను మోయు లారీలకు ద్వీపనగరపు ఇరుకువీధులు చాలకపోయినవి. 1989లో ఆవలిగట్టున నవాశేవాలో జవహర్‌లాల్ నెహ్రూ రేవు తెరువబడగా వర్తకములో పెద్దపాలు అచటికి తరలెను. పాతరేవు పూర్తిగా నిలిచిపోలేదు. నూనె, ఇనుము, మోటారుబండ్లు మున్నగునవి నేటికిని ఇచట ఎక్కుచు దిగుచున్నవి. అయినను ఒకప్పుడు రేవుపనికి కావలసిన భూమిలో కొంత నేడు ఆ పనికి అక్కరలేదు. అట్టి భూమిని ముండ్లకంచెవెనుక దాచియుంచుట నగరమునకు అన్యాయము. తూర్పుముంబయి వాసి తన యింటికి మైలుదూరమున నున్న సముద్రమును చూడవలెనన్న పడమటితీరమునకు పోవలసివచ్చుచున్నది.

అయినను భూమి ఖాళీగా నున్నదనుట సత్యము కాదు. దారూఖానాలో పాత ఓడలను విరిచి ఇనుము తీయువారున్నారు. రే రోడ్డు వెంబడి చిన్న కార్ఖానాలును మరమ్మతు దుకాణములును కలవు. ససూన్ రేవునందును భావుచా ధక్కాయందును కోలీలును ఇతర మత్స్యకారులును తెల్లవారకమునుపే చేపలు దింపుచున్నారు. ఈ నగరమునకు తొలినివాసులు వారే. మూడు తరములుగా గుడిసెలలో నివసించుచు నీటికుళాయికిని మరుగుదొడ్డికిని నోచుకొనని కుటుంబములు వేలకొలది ఉన్నవి. అవి కేంద్రప్రభుత్వభూమిలో నున్నందున రాష్ట్రపు పునరావాసచట్టము తమకు చెందదను మాటను వారు ఏండ్లతరబడి వినుచున్నారు. శివడీ బురదనేలలమీద ప్రతి శీతకాలమును వేలకొలది రాజహంసలు వాలుచున్నవి. కాగితముమీద ఖాళీగా గీయబడిన ఈ పటమున ఇంత జీవనము కలదు. పటము గీయువారు మొదట ఈ వీధులలో నడచిరావలెనని మా కోరిక.

ఈ విషయమున ముంబయికి ఒక గుణపాఠము ఇదివరకే లభించినది. అది మిల్లుభూముల కథ. గిర్‌ణ్‌గావ్ అనబడు మిల్లుపేటలలో బట్టలమిల్లులు సుమారు 600 ఎకరములలో నుండెను. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు సమ్మెకు దిగిరి. ఆ సమ్మెకు విరమణ ప్రకటింపబడనే లేదు. మిల్లులే ఒకటొకటిగా మూతవడినవి. 1991లో ప్రభుత్వము ఒక న్యాయమైన నిబంధన చేసెను: మిల్లుభూమిని అమ్మదలచిన లేక మార్చదలచిన యజమాని స్థూలముగా మూడవవంతు తోటలకును మైదానములకును నగరమునకు, మూడవవంతు సామాన్యుల యిండ్లకొరకు గృహనిర్మాణసంస్థకు ఇచ్చి, తక్కిన మూడవవంతు తా నుంచుకొనవలెను. 1996లో చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘము ఈ భూముల నన్నిటిని కలిపి ఒక్క ప్రణాళికగా చూడవలెనని సూచించెను. ఆ సూచన బల్లమీదనే నిలిచిపోయెను.

2001లో నిబంధన సవరింపబడెను. సవరణ చూచుటకు చిన్నది: పంచవలసినది మొత్తము భూమి కాదు, కట్టడములు లేక ఖాళీగా నున్న భూమి మాత్రమే. ఈ మాటలోని మహిమ తెలియవలెనన్న ఒక లెక్క వేసికొందము. 30 ఎకరముల మిల్లు ఒకటి కలదనియు, అందు 24 ఎకరములమీద మగ్గపుశాలలును గిడ్డంగులును నున్నవనియు అనుకొందము. మొదటి నిబంధన చొప్పున నగరమునకు 10 ఎకరములు, ఇండ్లకు 10 ఎకరములు రావలెను. సవరణ చొప్పున ఖాళీగానున్న 6 ఎకరములే పంపకమునకు వచ్చును. నగరమునకు రెండు, ఇండ్లకు రెండు. శాలలను పడగొట్టిన పిమ్మట ఆ 24 ఎకరములును యజమానికే మిగులును. ప్రజలకు 20 ఎకరములు రావలసినచోట నాలుగు మాత్రము వచ్చినవి! 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఈ వ్యాఖ్యానమును త్రోసిపుచ్చెను; 2006 మార్చిలో సుప్రీముకోర్టు సవరణను సమర్థించెను. నేడు లోవర్ పరేలులో ఆకాశహర్మ్యములును అంగడిమహళ్లును లేచినవి. వాని నడుమ వీధులు వెనుకటివే, మురుగుకాలువలు వెనుకటివే. మిల్లుకార్మికులకు ఇండ్లకొరకు తొలి లాటరీ 2012లో తీయబడెను. దరఖాస్తులు లక్షకు మించియుండగా ఇండ్లు కొన్నివేలే. ఆ దరఖాస్తుదారులలో ఎందరో ఇల్లు చూడకమునుపే కన్నుమూసిరి.

ఈ పాఠమునుండి మేము గ్రహించున దొక్కటే. ప్రజల హక్కు పోవునప్పుడు పెద్దచప్పుడుతో పోదు. ఒక ఉపనిబంధనలోని ఒక విశేషణము వెంబడి పోవును. అందుచే రేవుభూమి విషయమున ఆశయములు ఎంత మధురముగా నున్నను మాకు తృప్తి లేదు. ప్రతి మాటకును నిర్వచనము, ప్రతి యెకరమునకును లెక్క కావలెను.

పరదేశములను చూచి నేర్చుకొందమన్నచో రెండు నిదర్శనములు కనబడుచున్నవి. లండనునగరమున థేమ్సునది డాకులు 1981 నాటికి మూతవడగా, ఆ యేడే థాచరు ప్రభుత్వము అచటి పురపాలకసంఘముల అధికారమును తప్పించి ఒక ప్రత్యేకసంస్థను నెలకొల్పెను. పన్నుల రాయితీలను, భూమిని కంపెనీలకు అందించెను. కానరీవార్ఫు మేడలు లేచినవి. వానిని కట్టిన కంపెనీ 1992లో దివాలా తీసెను. కార్యాలయములు నిండుటకు కావలసిన రైలుమార్గము 1999లో గాని పూర్తికాలేదు. నేడు అచట సంపద పొంగుచున్నమాట నిజమే. అయినను డాకుకూలీల బిడ్డలకు ఆ పనులుగాని ఆ యిండ్లుగాని సులభముగా దక్కలేదని అచటివారే యేండ్లతరబడి మొరపెట్టిరి. జర్మనీలోని హాంబుర్గు వేరుదారి త్రొక్కెను. అచట సుమారు 157 హెక్టారుల పాతరేవుభూమి నగరముయొక్క స్వాధీనములోనే యుండెను. 2000లో ప్రణాళిక స్థిరపడిన పిమ్మట కొద్దికొద్దిగా, భాగముల వారీగా ఇచ్చుచు వచ్చిరి. ఎక్కువ ధర పలికినవానికి కాక, మంచి యోచన తెచ్చినవానికి ప్రాధాన్య మిచ్చిరి. వరదనీరు వచ్చునని యెరిగి వీధులను కట్టడములను ఎత్తుచేసిరి. ఒకచోట ప్రభుత్వము దళారి యయ్యెను. రెండవచోట యజమాని యయ్యెను. మనము వీనిలో దేని ననుసరింపవలెనో చెప్పనక్కరలేదు.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. రేవుసంస్థకు తన పాతయుద్యోగుల పింఛనుల భారము పెద్దది. వర్తకము తగ్గినందున ఆదాయము చాలదు. కావున భూమినుండి గరిష్ఠముగా ధనము రాబట్టక తప్పదని పెద్దలు చెప్పుచున్నారు. పింఛను పవిత్రమైన బాకీ. దానిని తీర్పవలెననుటలో మాకు సందేహము లేదు. అయితే ఆ కార్మికుడు సేవచేసినది ఒక సంస్థకు మాత్రమే కాదు, యావద్దేశపు వర్తకమునకు. ఆ బాకీని దేశపు బొక్కసము తీర్పవలెను గాని, నగరపు బిడ్డల ఆటస్థలమును అమ్మి తీర్పరాదు. మరియు, ఒక్కసారి అమ్మిన ధనము ఒక తరములో ఖర్చగును. కౌలుకిచ్చిన భూమి ప్రతి తరమునకును అద్దె తెచ్చును. గృహస్థుడు పెరటిచెట్టు కాయలమ్ముకొని బ్రదుకును. చెట్టునే కొట్టి అమ్మినవానికి మరుసటియేడు ఏమి మిగులును?

కౌళ్ల విషయమునను ఒక మాట. ఈ భూమిలో విశేషభాగము పూర్వము దీర్ఘకాలపు కౌళ్లక్రింద ఈయబడినది. 1980వ దశకమున సంస్థ అద్దెలు పెంపజూడగా కౌలుదారులు న్యాయస్థానముల కెక్కిరి. వ్యాజ్యము 2004లో గాని సుప్రీముకోర్టులో తేలలేదు. ప్రభుత్వస్వభావముగల సంస్థ భూయజమానిగా నున్నప్పుడు లాభాపేక్షగల ప్రయివేటు యజమానివలె వర్తింపరాదని న్యాయస్థానము చెప్పెను. ఆ సూత్రము రెండువైపులను నరుకుకత్తి. సంస్థ చిన్న అద్దెదారుని పీడింపరాదు. అట్లే, అల్పమైన పాత అద్దెకు అనుభవించుచు పెద్దలాభము గడించు కౌలుదారునికి ప్రజల సొమ్మును ధారాదత్తము చేయరాదు.

కావున మేము కోరునవి ఇవి. మొదటిది: రేవుభూమిలో ఒక్క గజమైనను శాశ్వతహక్కులతో విక్రయింపరాదు. పరిమితకాలపు కౌలు మాత్రమే ఈయవలెను. రెండవది: ఏ తుండు ఎవరి చేతనున్నది, కౌలుగడువు ఎప్పుడు తీరినది, అద్దె యెంత యను వివరములతో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు భాషలలో సంపూర్ణమైన భూమిపట్టిక ప్రకటింపవలెను. మూడవది: తోటలకు, సామాన్యుల యిండ్లకు కేటాయించు పాళ్లు మొత్తము భూమిపై లెక్కింపవలెను గాని ఖాళీభూమిపై కాదు. ఆ పాళ్లు చట్టములోనే చేరవలెను. నాల్గవది: నీటియంచు వెంబడి మొదటినుండి చివరివరకు ప్రజలెల్లరు నడచుటకు తెగని బాట యుండవలెను, దానిపై ఏ సంపన్నుని గేటును నిలువరాదు. రేవుపనికిని నౌకాదళపు రక్షణకును నిజముగా కావలసిన చోట్లు మాత్రమే ఇందుకు మినహాయింపు.

అయిదవది: అచట నివసించువారికిని పనిచేయువారికిని అచటనే, ఆ చుట్టుపట్లనే చోటు చూపవలెను. ఊరికి వెలుపల ముప్పదిమైళ్ల దూరమున గది యిచ్చిన, ఇల్లు దొరకును గాని బ్రదుకు పోవును. చేపలురేవులు మత్స్యకారుల సహకారసంఘముల సలహాతోనే బాగుచేయబడవలెను. ఆరవది: ఓడలు విరిచినచోట, నూనె నిలువచేసినచోట మన్నులో విషము చేరియుండును. ఆ మన్నును పరీక్షించి శుద్ధిచేయకమునుపు అచట పసిబిడ్డల బడిగాని ఇండ్లుగాని కట్టరాదు. ఏడవది: 2005 జులై 26వ తేదీని మరువరాదు. ఆనాడు శాంతాక్రూజులో ఒక్కదినమున 944 మిల్లీమీటరుల వర్షము కురిసెను. నీరు పోవుదారి లేక నగరము మునిగెను. సముద్రమట్టము పెరుగుచున్న ఈ కాలమున పూడ్చిన పల్లపుభూమిలో కట్టదలచువారు ముందు నీటికి దారి చూపవలెను. శివడీ మడచెట్లును బురదనేలలును పక్షులకు మాత్రమే కాదు, పోటునీటికిని ఆశ్రయములు, వానిని ముట్టరాదు. ఎనిమిదవది: ఈ పని నడుపు మండలిలో నగరప్రజల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు ఓటుహక్కుతో కూర్చుండవలెను. ఢిల్లీలో గీచిన గీటు ముంబయివాసి నెత్తిన వ్రాత కారాదు.

ఇది దూరదేశపు వ్యవహారమని ఆంధ్రులు ఉపేక్షింపరాదు. ఈ నగరమును నిర్మించిన చేతులలో మన చేతులును కలవు. తెలంగాణమునుండి పోయిన కూలీలను అచటివారు కామాఠీలనిరి. వారి పేరిటనే కామాఠిపురము వెలసెను. కరీంనగరము, నల్లగొండ, ఓరుగల్లు ప్రాంతముల పద్మశాలీలు మిల్లులలో మగ్గములు నడిపిరి. మిల్లులు మూతవడగా భివండీ మరమగ్గముల కడకు చేరినవారు కొందరు, ఉన్నయూరికి వట్టిచేతులతో మరలినవారు కొందరు. మిల్లుభూమి పంపకములో మోసపోయినవారిలో మనవారును ఉన్నారు. మరియు, మన విశాఖపట్టణమున 1933లో తెరువబడిన రేవు నేడు నగరపు నడిబొడ్డున నున్నది. ఆ రేవు కర్మాగారములతో నేటికిని పనిచేయుచున్నది. చిరకాలము పనిచేయవలెననియే మా యాకాంక్ష. అయినను రేవుల ఆయువు శాశ్వతము కాదని ముంబయి చెప్పుచున్నది. నేడు అచట ఏ యాచారము నెలకొనునో అదియే రేపు దేశములోని ప్రతి పాతరేవునకును మేలుబంతి యగును.

1920వ దశకమున బొంబాయిలో బ్యాక్‌బే పూడికపని పేర ప్రజాధనము నీళ్లపాలగుచుండగా, నారిమన్ అను న్యాయవాది లెక్కలు చేతబట్టి దొరతనమువారిని బహిరంగముగా నిలదీసెను. పరువునష్టపు వ్యాజ్యమును సైతము ఎదుర్కొని గెలిచెను. ఆనాడు అధికారము పరాయివారిది. ప్రశ్నించుటకు ధైర్యము కావలసియుండెను. నేడు అధికారము మనది, చట్టము మనది, సమాచారము కోరు హక్కును మనదే. ఇన్నియు నుండియు మనము మౌనము వహించినచో మన కంటె ఆ తరమే స్వతంత్రమైనదని ఒప్పుకొనవలసివచ్చును. ముంబయి పౌరసంఘములు, కార్మికసంఘములు, మత్స్యకారులు ఏకమై భూమిపట్టికను ముందు అడుగవలెను. పట్టిక వెలువడువరకు ఏ క్రొత్తకౌలును ఈయరాదని పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలెను. సముద్రమునుండి కూలివాడు తెచ్చిన నేల కూలివాని బిడ్డకు కాలుమోపుటకైన దక్కవలెను. ఇంతకుమించి మేము కోరుట లేదు. ఇంతకు తక్కువైనచో అంగీకరింపము.